తలుపు తెరిచిన కోర్టు

ఈ పుస్తకం రాసిన అమ్మాయి నోవైలోనే పెరిగింది. టెన్ మైల్ రోడ్డు మీది లైబ్రరీలో మా మనవరాలి పక్కన కూర్చుని హోంవర్కు చేసుకున్న పిల్ల. లా చదివింది, కోర్టు మెట్లెక్కింది, ఇప్పుడు తెలుగులో పుస్తకం రాసి అచ్చుకాగితాల కట్ట తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "తాతయ్యగారూ, తిట్టినా సరే, ముందుమాట మాత్రం మీరే రాయాలి" అంది. గుంటూరు కోర్టులో ముప్ఫై ఏళ్ళు నల్లకోటు మోసినవాణ్ణి, తిట్టడానికి మొహమాటపడను. కాకపోతే ముందు మెచ్చుకోవలసింది చాలా ఉంది.

ఉగ్రవాది అని అనుమానం పడ్డ పరాయి దేశస్థుడికి చట్టం ఎంతవరకు వర్తించాలి అన్నది విషయం. మన విందుల్లో ఈ మాట ఎత్తితే పప్పు వడ్డించేలోగా గొంతులు లేస్తాయి. ఈ అమ్మాయి గొంతు పెంచదు. కాగితాలు తీసి చూపిస్తుంది.

మొదటి అధ్యాయం మనకు అరగంట దూరంలో జరిగిన కథ. 2001 సెప్టెంబరు 17న ఎఫ్‌బీఐ వాళ్ళు డిట్రాయిట్ నైరుతి మూల నార్మన్ వీధిలో ఒక ఇంటి తలుపు తట్టారు. వెతుకుతున్నది వేరే మనిషి కోసం. దొరికింది ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చిన కుర్రాళ్ళు, దొంగ కాగితాలు, ఒక డైరీ. డైరీలో ఏవో గీతలు. అవి టర్కీలో ఇన్‌జిర్లిక్ వైమానిక స్థావరమనీ, జోర్డాన్‌లో ఒక సైనిక ఆసుపత్రి అనీ ప్రాసిక్యూషన్ వాదించింది. డిస్నీలాండ్‌లో తీసిన వీడియోను దాడికి ముందు చేసిన రెక్కీ అంది. 2003 జూన్‌లో జ్యూరీ నలుగురు నిందితుల్లో ఇద్దరిని ఉగ్రవాదానికి సాయపడ్డారని తేల్చింది. మూడో అతనిపై దొంగ కాగితాల నేరమే నిలిచింది. నాలుగో అతన్ని వదిలేశారు.

ఆ డైరీ పేజీ దగ్గర ఈ అమ్మాయి చాలాసేపు ఆగుతుంది. ఆగడమే మంచిదైంది. అది మతి స్థిమితంలేని ఒక మనిషి గీసిన పిచ్చిగీతలని డిఫెన్సు మొదటినుంచీ చెబుతూనే ఉంది. ఆ ఆసుపత్రి ఫోటోలు ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి. గీతకూ ఫోటోకూ పొంతన లేదు. ఆ ఫోటోలు డిఫెన్సు చేతికి రాలేదు. చివరికి న్యాయశాఖే తన ఫైళ్ళు తిరగేసుకుని తప్పు ఒప్పుకుంటే, 2004 సెప్టెంబరులో జడ్జి జెరాల్డ్ రోజెన్ ఉగ్రవాద నేర నిర్ధారణను కొట్టేశారు. చదువుతుంటే నాకు మా జిల్లా పంచనామాలు గుర్తొచ్చాయి. రాసే చేతిని బట్టి ఒకే కొడవలి ఒకరోజు పంట కోసే పనిముట్టు, ఇంకోరోజు మారణాయుధం.

హైదరాబాదు నుంచి వచ్చిన ఇద్దరి సంగతికి ఇచ్చిన నాలుగు పేజీలు కూడా అలాంటివే. న్యూజెర్సీలో పత్రికల దుకాణంలో పనిచేసేవాళ్ళు. సెప్టెంబరు 11 దాడులతో విమానాలు ఆగిపోతే రైలెక్కారు. 2001 సెప్టెంబరు 12న టెక్సస్‌లో పట్టుబడ్డారు. సామానులో కట్టలు కోసే బ్లేడ్లు, చేతిలో డబ్బు. ఏడాదికి పైగా బ్రూక్లిన్ జైల్లో పెట్టారు. ఉగ్రవాద అభియోగం మోపనే లేదు. క్రెడిట్ కార్డు మోసం ఒప్పించుకుని దేశం దాటించారు. వాళ్ళు శుద్ధపూసలని ఈ అమ్మాయి ఎక్కడా అనదు. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

జడ్జి డేమన్ కీత్ ప్రస్తావన రాకుండా మిషిగన్‌లో ఈ పుస్తకం పూర్తికాదు. ఆన్ ఆర్బర్‌లో ఉండే ఒక ముస్లిం మతపెద్ద వీసా విచారణను ప్రభుత్వం తలుపులు మూసి జరిపింది. పత్రికలవాళ్ళు కోర్టుకెక్కారు. 2002 ఆగస్టులో కీత్ రాసిన తీర్పు ఆ తలుపులు తీయమంది. మూసిన తలుపుల వెనక ప్రజాస్వామ్యం ప్రాణం విడుస్తుందని ఆయన భావం. బానిసల మనవడు రాసిన మాట అది. అంతా చేసి ఆ మతపెద్దను 2003లో లెబనాన్ పంపించేశారు. తలుపు తీసినంత మాత్రాన ఆయన కేసు గెలవలేదు. ఈ ముగింపును కూడా ఈ అమ్మాయి దాచలేదు.

ఇక పుస్తకం వెనక ఉన్న సిద్ధాంతం. పాతకాలపు ఉదారవాదం అంటే మన కుర్రాళ్ళు అమెరికా సరుకనుకుంటారు. మా నాన్న తరానికి అది నిడుబ్రోలు సరుకు. 1959లో స్వతంత్ర పార్టీ పుడితే దాని మొదటి అధ్యక్షుడు ఆ నిడుబ్రోలు ఎన్.జి. రంగాగారే. సర్కారు చెయ్యి ఎక్కడ ఆగాలి అన్నది ఆ పార్టీ అడిగిన ప్రశ్న. భూమి విషయంలో అడిగిన ప్రశ్నే జైలు విషయంలోనూ అడగాలంటుంది ఈ పుస్తకం. ఉదారవాదుల్లోనూ ఇక్కడ రెండు పాయలున్నాయి. రాజ్యాంగం పౌరులు తమలో తాము రాసుకున్న ఒప్పందం, పరాయివాడికి అందులో వాటా లేదంటారు కొందరు. దానికి జేమ్స్ మాడిసన్ 1800లోనే జవాబు చెప్పాడు. పరాయివాడు ఒప్పందంలో లేకపోయినా చట్టానికి లోబడుతున్నాడు, అందుకు బదులుగా రక్షణ దక్కాలి అని. మా ఊరి భాషలో చెప్పాలంటే, సంతకొచ్చిన బేరగాడి దగ్గర ఆశీలు వసూలు చేసుకున్న ఊరు అతని తగువు విననంటే కుదరదు. అమెరికా అయిదో సవరణలోనూ మన భారత రాజ్యాంగం 21వ అధికరణంలోనూ ఉన్నమాట 'వ్యక్తి', 'పౌరుడు' కాదు. 2008లో బూమెడియన్ కేసులో అయిదుగురు జడ్జీలు ఒకవైపు, నలుగురు ఇంకోవైపు నిలిచినా, గ్వాంటనామోలో ఉన్న విదేశీయుడు కూడా తనను ఎందుకు పట్టుకున్నారని కోర్టును అడగవచ్చని తేలింది. ఆ హక్కు అడగడానికే, విడుదలకు కాదు. ఈ తేడాను ఇంత తేటగా తెలుగులో చెప్పినవాళ్ళను నేను చూడలేదు. 'డ్యూ ప్రాసెస్'కు నిఘంటువు మాట వదిలేసి 'అడిగి, విని, ఆ తర్వాతే' అని రాసింది. ఆ ఒక్క అనువాదానికే ఈ ముందుమాట రాయవచ్చు.

ఇప్పుడు తిట్టు. నిర్దోషుల కథలు చెప్పి హక్కులను సమర్థించడం తేలిక. 2009 క్రిస్మస్ రోజున దాదాపు 290 మందితో మన డిట్రాయిట్‌లో దిగుతున్న విమానంలో నైజీరియా కుర్రాడు ఉమర్ ఫరూక్ అబ్దుల్‌ముతల్లబ్ లోదుస్తుల్లోని బాంబు పేల్చబోయాడు. అది సరిగా పేలలేదు. నేరంలో అనుమానానికి చోటులేదు. యాభై నిమిషాల ప్రశ్నల తర్వాత అతనికి మౌనంగా ఉండే హక్కు ఉందని చెప్పారు. ఎందుకు చెప్పారని దేశమంతా గోల. తర్వాత కుటుంబాన్ని రప్పించి మాట్లాడిస్తే అతనే నోరు విప్పాడు. అందరూ చూస్తుండగా డిట్రాయిట్ కోర్టులో విచారణ మొదలైన రెండో రోజునే నేరం ఒప్పుకున్నాడు. 2012 ఫిబ్రవరిలో యావజ్జీవం పడింది. మరోవైపు, సెప్టెంబరు 11 దాడుల సూత్రధారి అని 2003లో పట్టుకున్న ఖాలిద్ షేక్ మహమ్మద్‌ను మిలిటరీ కమిషన్ ముందు నిలబెట్టి ఏళ్ళు గడిచినా ఆ విచారణ గడప దాటలేదు. పుస్తకానికి వెన్నెముక కావలసిన ఆ డిట్రాయిట్ విమానం కేసుకు ఈ అమ్మాయి ఇచ్చింది రెండు పేజీలు!

పౌరహక్కుల వకీలు కన్నబిరాన్ గారు నక్సలైట్ల మీది పార్వతీపురం కుట్రకేసులో నిలబడ్డప్పుడు క్లయింట్ల మంచితనం మీద వాదన కట్టలేదు. తన ఆత్మకథకు '24 గంటలు' అని పేరు పెట్టుకున్నారు. అరెస్టయిన మనిషిని మేజిస్ట్రేటు ముందుకు తేవడానికి 22వ అధికరణం ఇచ్చే గడువు అది. అదే అధికరణం కింది వరసలో శత్రుదేశస్థుడికి ఆ గడువు వర్తించదనీ ఉంది. ఆ వాక్యంతో ఈ అమ్మాయి తలపడలేదు. ఫోనులో అడిగితే, "అది యుద్ధం సంగతి కదా తాతయ్యగారూ" అంది. ఉగ్రవాదం మీద పోరును యుద్ధమనే పిలిచారుగా అన్నాను. కాసేపు అవతల చప్పుడు లేదు.

ఈలోగా పుస్తకం ప్రెస్సుకు వెళ్ళాలంది. వెళ్ళనీ. ఆ రెండు పేజీలు ఇరవై అయ్యాయో లేదో రెండో కూర్పులో చూసుకుంటాను. ఆదివారం గుడి నుంచి ఇటే వస్తుందట, వాదనకు. ఉప్మాలో జీడిపప్పు దండిగా వేయించమని ముందే చెప్పింది.

నోవై, మిషిగన్