ప్రజాప్రయోజనంలో ప్రజలెవరు?

లాభాలొచ్చినంతకాలం కంపెనీ ప్రైవేటువాళ్లది. మునిగిననాడు మాత్రం అది దేశ సమస్య. పెట్టుబడికీ రాజ్యానికీ ఉన్న ఈ చుట్టరికాన్ని దళితులు తమ వైపునుంచి చూడాల్సి ఉంది.

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు తన దొంగలెక్కల సంగతి ఉత్తరం రాసి ఒప్పుకున్నాడు. 9వ తేదీకల్లా కేంద్రం ఆ బోర్డును తీసేసింది. తర్వాత తాను నియమించిన వాళ్లను కూర్చోబెట్టింది. ఏప్రిల్‌లో కంపెనీ టెక్ మహీంద్రా చేతికెళ్లింది. అదే కుటుంబం పెట్టిన మేటాస్ ఇన్‌ఫ్రా పగ్గాలు ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ తీసుకుంది. అలా పడ్డవాణ్ణి లేపిన సంస్థే 2018లో తానూ పడింది. అప్పు 91 వేల కోట్ల పైమాట. అక్టోబరు 1న కేంద్రం కంపెనీ లా ట్రిబ్యునల్‌కెక్కింది. పాత బోర్డు పోయి, ఉదయ్ కోటక్ అధ్యక్షతన కొత్త బోర్డు వచ్చింది. అదే నెల 15న ఆ గ్రూపు కంపెనీలమీద అప్పులవాళ్ల చర్యల్ని అప్పీలు ట్రిబ్యునల్ ఆపేసింది.

ఇందుకు 2013 కంపెనీల చట్టం ఇచ్చిన ఆధారం ఒక్క మాట: ప్రజాప్రయోజనం.

జోక్యమే తప్పని ఎవరూ అనరు. ఐఎల్ అండ్ ఎఫ్ఎస్‌లో సుమారు నాలుగోవంతు వాటా ఎల్ఐసిది. రెక్కలు ముక్కలు చేసుకుని ప్రీమియం కట్టినవాళ్ల డబ్బది. మరి ఆ ప్రజలకు కంపెనీ గేటు దగ్గర ఏ హక్కుంది? 2004లో యుపిఎ ప్రభుత్వం ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ల చర్చ ఎత్తితే పరిశ్రమాధిపతులు మెరిట్ అన్నారు. చట్టం వద్దు, మా అంతట మేమే చేస్తామన్నారు. ప్రభుత్వమూ సరేనని ఊరుకుంది. రెండ్రోజుల్లో బోర్డును మార్చగలిగిన రాజ్యానికి, నియామకాల దగ్గరకొచ్చేసరికి చేతులు రాలేదు.

2016 దివాలా చట్టమూ అంతే. కంపెనీని అమ్మేసి అప్పులు తీర్చాల్సొస్తే, కార్మికుల 24 నెలల బకాయిని తాకట్టు పెట్టుకున్న బ్యాంకులతో సమానంగా ఉంచింది. మంచిదే. కానీ కాంట్రాక్టరు కింద ఊడ్చేవాళ్లు, మరుగుదొడ్లు కడిగేవాళ్లు కంపెనీ పద్దుల్లో కార్మికులుగా ఉండరు. వాళ్ల కూలి కాంట్రాక్టరు బిల్లులో కలిసిపోతుంది. ఆ బిల్లు వరసలో ఎక్కడో కిందుంటుంది. ఆ పనుల్లో ఎక్కువమంది ఏ కులాలవాళ్లో ఎవరికీ చెప్పక్కర్లేదు.

పబ్లిక్ డబ్బు, పబ్లిక్ అధికారం నిలబెట్టిన కంపెనీకి పబ్లిక్ నియమాలూ వర్తించాలి. ప్రభుత్వం బోర్డు వేసిన రోజునే రిజర్వేషనూ, కాంట్రాక్టు కూలీల బకాయిలూ షరతులుగా పెట్టాలి. అవి లేని ప్రజాప్రయోజనంలో మనం లెక్కలోనే లేం.