నాణెమునుండి బిళ్ళకు

పూర్వము మన కచ్చేరీలలో బిళ్ళబంట్రోతును ఎరుగనివారు లేరు. అతని మాటకు గల బలము అతనిది కాదు, అడ్డపట్టెపై మెరసెడి ఇత్తడి బిళ్ళది. అధికారమునకు ఒక లోహపు ముక్క గురుతగుట మనకు క్రొత్త గాదు. అయినను ఆ ఇత్తడి ఎచటినుండి వచ్చినదని మనమెన్నడును అడుగలేదు. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున రేంజర్లను రక్షకదళమువారు ధరించు బిళ్ళ విషయమున మాత్రము ఆ ప్రశ్న తప్పదు. ఏలయన అది మెక్సికో దేశపు వెండి నాణెమును కోసి చేసినది. ఆ బిళ్ళయందలి పనితనమును, దానిని చుట్టుకొన్న కథను ఇచట పరిశీలింపదలచితిమి.

మొదట పనితనము. 19వ శతాబ్దమున టెక్సాస్ సరిహద్దు ఊళ్ళలో మెక్సికో ఎనిమిది రియాళ్ళ నాణెము విరివిగా చెల్లెడిది. 1857 వరకు అమెరికా చట్టము సైతము దానిని అంగీకరించినది. బరువు సుమారు 27 గ్రాములు. అందు నూటికి తొంబది పాళ్ళు వెండి. కంసాలికి ఇంతకంటె అనుకూలమైన రేకు దొరకదు: వన్నె తెలిసినది, మందము సమము, అంచు గుండ్రము. ఒక ముఖమును ఆకురాయితో నునుపుచేసి, నడుమ అయిదు కొనల చుక్కను నిలిపి, చుక్కకును అంచునకును మధ్యనున్న వెండిని సన్నని రంపముతో తొలగించినచో బిళ్ళ సిద్ధమగును. ఆ చుక్క 1836 నుండి 1845 వరకు టెక్సాస్ స్వతంత్రరాజ్యముగా నున్ననాటి పతాకమందలి ఒంటిచుక్కయే. దాని కొనలు అంచును తాకి, బండిచక్రమునకు ఆకులవలె అమరినవి. అలంకారము తక్కువ, పొందిక ఎక్కువ. ఈ పనితనమును మేము మనసార మెచ్చుకొందుము.

కథను అంతగా మెచ్చుకొనజాలము. చలనచిత్రములలో పూర్వకాలపు రేంజరు రొమ్మున వెండిచుక్క తప్పక వెలుగుచుండును. చరిత్ర వేరు. 1823లో స్టీఫెన్ ఆస్టిన్ తన వలస గ్రామముల రక్షణకై కొందరిని నియమింప దలపెట్టుటతో ఈ దళపు కథ మొదలగును. 1835లో దానికి క్రమరూపము వచ్చినది. ఆ పిమ్మట చాలకాలము వారికి ఏకరీతి దుస్తులును లేవు, ప్రభుత్వమిచ్చిన బిళ్ళయును లేదు. కొందరు మాత్రము నాణెములిచ్చి తమకు తామే బిళ్ళలు చేయించుకొనిరి. అట్టివి మిక్కిలి అరుదు. ప్రాచీనములని అమ్మజూపెడి బిళ్ళలలో అధికభాగము నకిలీలని వేకో నగరమందలి రేంజర్ల ప్రదర్శనశాలవారే హెచ్చరించుచున్నారు. నాణెపు బిళ్ళ దళమంతటికిని అధికారచిహ్నమైనది 1962 అక్టోబరులో. హార్డీ పర్విస్ అను రేంజరును, అతని తల్లియు మెక్సికో అయిదు పెసోల నాణెములను కానుకగా నీయగా, నాడున్న 62 మందికి బిళ్ళలు చేయించిరి. అనగా ప్రాచీనమని మనము భ్రమించెడి ఈ ఆచారము దళము ఏర్పడిన 127 ఏండ్లకు గాని స్థిరపడలేదు. క్రొత్త ఆచారమునకు పాతదనమును కల్పించుకొనని జాతి లేదు, అది క్షమింపదగినదే. కాని ఆ కల్పనలో ఏమి మరుగుపడినదో చూడవలెను.

మరుగుపడినది ఆ వెండి చరిత్ర. 1947, 1948 సంవత్సరములలో ముద్రితమైన అయిదు పెసోల నాణెముపై కువాటెమోక్ తల గలదు. అతడు స్పెయినువారి చేత చిక్కి 1525లో ఉరితీయబడిన కడపటి ఆజ్టెక్ ప్రభువు. మన లంబాడీ స్త్రీలు నగలలో కూర్చుకొనెడి రూపాయి, నాణెముగనే యుండును, ముద్ర చెడదు. ఇచట అట్లు గాదు. ఒక జాతి తన వీరుని రూపముతో అచ్చువేసికొన్న వెండి, ఆ జాతివారిపై అధికారము నెరపిన దళమునకు చిహ్నమైనది. 1848 నాటి ఒడంబడికతో సరిహద్దు రియో గ్రాండే నదియని స్థిరపడినది. నదికి ఉత్తరమున కాపురమున్న మెక్సికనులు మాత్రము అచటనే యుండిరి. 1918 జనవరి 28న పోర్వెనీర్ అను నదీతీర గ్రామమున రేంజర్లును, కొందరు పశువుల ఆసాములును కలసి, నిరాయుధులైన 15 మంది మెక్సికను పురుషులను, బాలురను కాల్చి చంపిరి. మరుసటి యేట హోసే కనాలెస్ అను శాసనసభ్యుడు మోపిన అభియోగములపై విచారణ జరిగి, దళము కుదింపబడినది. ఆ గ్రామపు వితంతువులకు రేంజరను మాట ఎట్లు వినబడియుండునో బిళ్ళ కథకులు చెప్పరు.

గీత కదలి మనుషులు కదలకపోవుట యనగా నేమో మన పాఠకులకు వివరింపనక్కరలేదు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరినప్పుడును, 1953లో బళ్ళారి మైసూరులో కలసినప్పుడును మన యిండ్లు ఉన్నచోటనే యుండినవి. మనకు పోర్వెనీర్ వంటి ఆపద కలుగలేదు గనుక పోలిక ఇంతకుమించి సాగదు. అయినను, కచ్చేరిలో క్రొత్త భాష వినబడిననాడు బిళ్ళబంట్రోతును చూచిన చూపు మన పెద్దలకు తెలియును.

ఆ వెండిచుక్కను కరగించివేయవలెనని మా అభిప్రాయము గాదు. 2016లో ఆస్టిన్ నగరమందలి రాష్ట్ర చరిత్ర ప్రదర్శనశాల 1910–1920 నాటి సరిహద్దు హింసను గూర్చి ప్రత్యేక ప్రదర్శనము నేర్పరచినది. 2018లో పోర్వెనీర్ మృతుల స్మృతికై చారిత్రక ఫలకము నెలకొల్పబడినది. ఆ రాష్ట్రమే ఈపాటి ధైర్యము చూపినప్పుడు, బిళ్ళను వర్ణించు రచనలు మెరుపుతోనే తృప్తినొందుట తగదు. బిళ్ళ వెనుకవైపున నాణెపు ముద్ర నేటికిని నిలిచియున్నది. దానినిగూడ చదివి వ్రాసినవారి వర్ణననే మేము సంపూర్ణమని యెంచుదుము.