డబ్బా మూత ఎవరు తీయాలి?

మా మేనకోడలు ఈ వారం తన కొత్త ఫ్లాటు చూపించింది. వంటింటి అల్మరా తలుపు తీస్తే అన్నీ ఒకే రకం డబ్బాలు. నలుపలకలుగా, లోపలిది బయటికి కనిపించేలా, ఒకదాని మీద ఒకటి. ప్రతిదానికీ పేరు రాసిన చీటీ. "ఎలా ఉందత్తా?" అంది. బాగుందన్నాను గానీ, ఆవకాయ కూడా ప్లాస్టిక్ డబ్బాలోనే కనిపించేసరికి మనసు చివుక్కుమంది.

జాడీ మీద నా పట్టుదల ఈ కాలమ్ చదివేవాళ్లకి కొత్త కాదు. అయినా మళ్లీ చెప్తాను. ఉప్పూ పులుపూ కలిసి లోహాన్ని తినేస్తాయి. నూనెతో కలిసిన కారం ప్లాస్టిక్‌కి పట్టిందంటే ఎంత తోమినా ఆ రంగు వదలదు. పింగాణీకి ఈ రెండు బాధలూ లేవు. లోపలికి వెలుతురు చొరదు కాబట్టి నూనె కూడా తొందరగా చెడదు. వాసెన కట్టిన జాడీలో ఆవకాయ మళ్లీ మామిడికాయలు వచ్చేదాకా నిలుస్తుంది.

మా నాయనమ్మకి ఇవన్నీ ఎవరూ చెప్పక్కర్లేదు. ఆమె కొట్టుగదిలో ప్రతి సరుక్కీ దాని చోటు ఉండేది. 15 కిలోల నూనె డబ్బాని కడిగి, ఎండబెట్టి, మూత పెట్టించి బియ్యం పోసేది, మధ్యలో వేపాకు వేసి. కందిపప్పుకి ఆముదం పట్టించేది. కొత్త చింతపండుని గింజ తీసి, ఉప్పు జల్లి, కుండలో అదిమేది. ధనియాల పొడి హార్లిక్స్ సీసాలో, మినప్పప్పు పసుపుపచ్చ డాల్డా డబ్బాలో. తర్వాత్తర్వాత పెళ్లిళ్లలో వచ్చిన స్టీలు డబ్బాలు చేరాయి. వాటి మీద ఇచ్చినవాళ్ల పేర్లు చెక్కించి ఉండేవి. లోపల ఏముందో మాత్రం ఎక్కడా ఉండేది కాదు. అది నాయనమ్మకి తెలుసు, చీకట్లో చెయ్యి పెట్టినా జీలకర్రే వచ్చేది.

ఆమెకి కంటి ఆపరేషను జరిగినప్పుడు అమ్మ కూడా ఆస్పత్రిలోనే ఉండాల్సొచ్చింది. ఇంట్లో తాతయ్య, బాబాయి, పిల్లలం. తాతయ్య ఒక్కో మూతా తీసి వాసన చూసి పెట్టేసేవాడు. మెంతులేవో ఆవాలేవో ఆయనకి తెలీదు, ఏ పప్పు ఎక్కడుందో అసలే తెలీదు. ఏడాదికి సరిపడా సరుకున్న ఇంట్లో ఉండి, మేం పక్కింటివాళ్లు పంపిన క్యారియర్ తిన్నాం. నాయనమ్మ కళ్లకి కట్టుతోనే, మంచం మీద నుంచి "పిల్లలేం తిన్నారు?" అని అడుగుతూ ఉండేదట. ఆపరేషనైన మనిషికి ఆ బెంగ కూడానా?

మా మేనకోడలి ఇంట్లో పొద్దున్న ఉప్మా చేసింది వాళ్లాయన. రవ్వ ఎక్కడని ఎవర్నీ అడగలేదు. అందుకే, ఇన్నాళ్లూ పాత డబ్బాల పక్షాన వాదించిన నేను ఇప్పుడు చెప్తున్నాను: పప్పులూ పోపుసామానూ కనిపించే డబ్బాల్లోనే ఉండాలి. చీటీ ఇంట్లో అందరూ చదవగల భాషలో ఉండాలి. వంటిల్లు ఒక్క మనిషి జ్ఞాపకం మీద నడవకూడదు.

అయితే ఆవకాయ జాడీలోకి వెళ్లాల్సిందే, చీటీ దానికీ అంటించండి. డబ్బాలు కొనేటప్పుడు అల్మరా లోతు కొలుచుకుని వెళ్లండి. గుండ్రటివి పేరిస్తే మూలల్లో అయిదో వంతు చోటు వృథా. కిలో కందిపప్పు లీటరు డబ్బాలో పట్టదు, లీటరున్నరది తీసుకోండి. లేకపోతే రబ్బరు బ్యాండు వేసిన సగం పొట్లాలు మళ్లీ అల్మరా నిండా చేరతాయి.

అన్నిటికన్నా ముందు ఒక పని చేయండి. మీ ఇంట్లో ఎప్పుడూ పొయ్యి వెలిగించని మనిషిని పిలిచి జీలకర్ర తీసి ఇమ్మనండి. ఎక్కడెక్కడ వెతుకుతారో చూసి, ఆ తర్వాతే బజారుకి బయల్దేరండి.