ఉద్యోగ శబ్దము – పని, కొలువు, ఉపాధి

మహాభారతమున అయిదవ పర్వమునకు ఉద్యోగపర్వమని పేరు. తిక్కన సోమయాజి తెలుగుసేతను చదువ మొదలిడిన నేటి విద్యార్థి ఆ పేరుకడ ఒకింత తడబడుట సహజము. విరాటుని నగరమున భీముడు వంటవాడై, నకులుడు అశ్వపాలకుడై, సహదేవుడు గోపాలకుడై, అర్జునుడు నాట్యాచార్యుడై, ద్రౌపది సైరంధ్రియై ఒక యేడు గడపిరి. నేటి వాడుక ననుసరించి ఉద్యోగము లనదగినవి యివి. ఇవి యున్నది విరాటపర్వమున. ఈ కొలువులన్నియు వదలుకొనిన పిమ్మటి కథకు ఉద్యోగపర్వమను పేరు కలిగినది!

సమాధానము కష్టమైనది కాదు. సంస్కృతమున ఉద్యోగమనగా పూనిక, ప్రయత్నము, సన్నాహము. రాయబారములును సేనాసమీకరణమును ఆ పర్వమున ప్రధానములు గావున పేరు సార్థకమే. ఉద్యోగియగు పురుషుని లక్ష్మి చేరునను భావము గల పంచతంత్ర శ్లోకమునందును ఇదియే యర్థము. మా తరగతిలో నొక విద్యార్థి ఆ శ్లోకమునకు నెలజీతము గలవాని యింటనే డబ్బు నిలుచునని తాత్పర్యము చెప్పగా అందరము నవ్వితిమి. ఇప్పుడు తలచుకొనగా, నవ్వదగినది దానిలో స్వల్పమే యనిపించుచున్నది. శ్లోకమును ఆ బాలుడు తప్పుగా చదివెను. తన కాలమును మాత్రము సరిగనే చదివెను.

1852లో వెలువడిన బ్రౌను నిఘంటువునాటికే ఈ శబ్దమునకు ప్రయత్నమనియు, పదవి యనియు రెండర్థములును తెలుగున ప్రచారమున నుండెను. తరువాతి కాలమున మొదటి యర్థము పుస్తకములకు పరిమితమైనది. రెండవది ఇంటింట నిలిచినది. అర్థసంకోచమునకు ఇది చక్కని యుదాహరణమని చెప్పి భాషాశాస్త్రజ్ఞుడు సంతృప్తి పడవచ్చును. సాహిత్య విమర్శకుడు అక్కడ నాగరాదని నా మనవి. ఏలయన, శబ్దము కుంచించుకొనిపోయినప్పుడు దాని వెలుపల మిగిలిపోయిన మనుష్యులు కలరు. వారిని మన సాహిత్యము గుర్తించినంతగా మన విమర్శ గుర్తింపలేదు.

నిరుద్యోగి యను మాటనే చూడుడు. పూర్వార్థమున అది ప్రయత్నశూనుని, సోమరిని చెప్పునది. నేడది పదవి దొరకనివానిని చెప్పును. దరఖాస్తులు వ్రాసి వ్రాసి వేళ్లు నొప్పిపుట్టిన యువకునికి ప్రయత్నము లేనివాడని పేరు! అర్థము మారినను పాతనింద మాటను విడువలేదు. ఇరుగుపొరుగువారు ‘అబ్బాయి ఖాళీగా ఉన్నాడా?’ అని యడుగుటలో ఆ నింద యిప్పటికిని వినవచ్చుచున్నది. గణాంకశాస్త్రపు లెక్క వేరు. మనదేశపు శ్రామికశక్తి సర్వేలో వారపు స్థితి ననుసరించి, గడచిన 7 దినములలో ఏదేని యొకనాడు 1 గంట పనిచేసినవాడు ఉపాధి గలవాడే. పనికై వెదకుటగాని, అందుకు సిద్ధముగా నుండుటగాని లేనివాడు ఆ లెక్కలో నిరుద్యోగియు కాడు, శ్రామికశక్తికే వెలియైనవాడు. ఇంటివారి నిఘంటువున కొక న్యాయము, ప్రభుత్వ నిఘంటువున కొక న్యాయము.

పూర్వకవులకు కొలువు గౌరవహేతువుగా తోచలేదను వాదము కలదు. ధూర్జటి కాళహస్తీశ్వర శతకమున రాజసేవను తీవ్రముగా గర్హించెను. పోతన పేర చెప్పబడు చాటువు రాజాశ్రయముకంటె హాలికవృత్తియే మేలనినది. ఈ రెండింటిని చూపి, మన పెద్దలు స్వతంత్రజీవనమును మెచ్చిరనియు, ఆంగ్లవిద్యయే మనకు దాస్యమును నేర్పినదనియు తేల్చువారున్నారు. ఇది తొందరపాటు. కొలువును నిరసింపగల స్వాతంత్ర్యము ఒడిలో కొంత పొలమో, తలపై కొంత కీర్తియో గలవానికే సాధ్యము. ఆ పొలమున దున్నినవాడెవడో చాటువు చెప్పదు. పన్నిద్దరాయగాండ్ర వ్యవస్థలో చాకలి, మంగలి, కుమ్మరి మున్నగువారికి కళ్లమున గింజలు ముట్టెడివి. వానితోపాటు కులమను కట్టుకొయ్యయు తరతరములుగా ముట్టెడిది. నిజామురాష్ట్రపు వెట్టిలో ఆ గింజలును లేవు. వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’, దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ చదివినవారికి పూర్వకాలపు పనిని గూర్చిన స్వర్ణయుగ భ్రాంతి నిలువదు.

ఇక్కడ జీతమను మాట వింత గమనింపదగినది. పట్టణమున జీతమనగా నెలనెల వచ్చునది, మర్యాదకు మూలమైనది. తెలంగాణ పల్లెలలో జీతగాడనగా దొరయింటనో రైతుయింటనో ఏడాదికి కుదిరి, తరచు అప్పునకు కట్టుబడి, వేళాపాళా లేక చాకిరిచేయు పాలేరు. ఒకే మాట ఒకచోట పెండ్లిచూపులలో వరుని యోగ్యత. ఇంకొకచోట 1976లో వెట్టిచాకిరి నిర్మూలనమునకై పార్లమెంటు చట్టము చేయవలసివచ్చిన దాస్యమునకు సమీపబంధువు. ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’లో పాలేరైన సంగదాసు పొందిన మరణమును కేవలము కరుణరసపోషకముగా వివరించు వ్యాసములు నేను పెక్కు చదివితిని. యజమాని చేతి దెబ్బతో అతడు చచ్చుట కథలో హఠాత్తుగా వచ్చిన విషాదము గాదు. చేసిన పనికి ఏది కూలి, దానిని నిర్ణయించువాడెవడు అను ప్రశ్నను పాలేరు నోరు తెరచి యడిగిన నేరమునకు పడిన శిక్ష యది. కరుణమును ముందు నిలిపి ఈ ప్రశ్నను వెనుకకు నెట్టిన విమర్శ, ఆ నవలకు గౌరవము చేయుచున్నట్లు కనబడుచునే దానిని నిరాయుధమును చేయుచున్నది.

నా వాదమునకు ముఖ్యాధారము పి. సత్యవతిగారి ‘ఇల్లలకగానే’ యను చిన్నకథ. ఇల్లలుకుచు పేరు మరచిన ఈగ కథ మన పిల్లలందరును ఎరిగినదే. అందులో అది నవ్వులాట. సత్యవతిగారు ఈగ స్థానమున చదువుకొనిన యొక గృహిణిని నిలిపిరి. ఇంటిని అద్దమువలె నుంచుటలో మునిగి ఆమె యొకనాడు తన పేరు మరచినది. ఎవరి నడిగినను వరుసయే చెప్పుదురు గాని పేరు చెప్పరు. పనిమనిషికి ఆమె అమ్మగారే. తుదకు పాత స్నేహితురాలు పిలిచినప్పుడుగాని తాను శారద యని ఆమెకు తెలియదు. దీనిని స్త్రీ అస్తిత్వమును గూర్చిన కథగా వ్యాఖ్యానించుట పరిపాటియైనది. తప్పని యనను. కాని పేరు పోయినది దేనివలన? వివాహమువలన మాత్రమే యనిన, ఇంటిని అలుకుట యను వ్యాపారమునకు ఈ కథలో పనియే లేకపోవును, శీర్షికయు వ్యర్థమగును. నేను దీనిని శ్రమను గూర్చిన కథగా చదువుచున్నాను. ఉదయము చేసినది సాయంకాలమునకు చెరగిపోవునట్టి, మరునాడు మరల మొదటినుండి చేయవలసినట్టి, చేసినప్పుడు కనబడక చేయనినాడు మాత్రమే కనబడునట్టి శ్రమ అది. కర్తను దాచిపెట్టుట దాని స్వభావము.

ఆర్థికశాస్త్రము ఈ కథకు తెలియకయే వ్యాఖ్యానము వ్రాసినది. ఒకడు తన యింటి పరిచారికను పెండ్లాడినచో జాతీయాదాయము ఆ మేరకు తగ్గునని పిగూ పండితుడు 1920నాటి గ్రంథమున చూపెను. ఊడ్చిన గది అదే, వండిన అన్నము అదే. జీతము నిలిచిపోయినందున పనియు లెక్కనుండి మాయమైనది. 2019లో మనదేశమున జరిగిన కాలవినియోగ సర్వే ప్రకారము, వేతనము లేని ఇంటిపనిలో పాల్గొనిన స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములును, పురుషులు 97 నిమిషములును వెచ్చించుచుండిరి. సుమారు అయిదుగంటలు! జనాభా లెక్కలలో మాత్రము ఇంటిపని మాత్రమే చేయు స్త్రీ శ్రామికురాలు కాదు. ఈగ పేరు మరచుట హాస్యమైనచో, ఈ మరపునకేమి పేరు?

దీనిపై ఒక ఆక్షేపణము రాగలదు. తల్లి వంటను కూలితో కొలుచుట ప్రేమను అంగడి కెక్కించుట కాదా యని. ఆక్షేపణము తేలికది కాదు. అంగడిలో పేరున్నదే పనియని ఒప్పుకొనినచో, పేరుకై ప్రతి పనియు అంగడికే పోవలసివచ్చును. నేను కోరునది అది గాదు. కాని ఈ యాక్షేపణమును తఱచుగా చెప్పువారు వండినది తినువారే గాని వండువారు గారని కూడ గమనింపవలెను. శారద కూలి యడుగలేదు, పేరడిగినది. మరియొక వైపు చూడగా, ఉద్యోగముండియు పనిలేనివారు కలరు. తమ కొలువు నిష్ప్రయోజనమని తమకే తోచుచుండగా జీతము తీసికొనువారిని గూర్చి డేవిడ్ గ్రేబర్ 2018లో ఒక గ్రంథమే వ్రాసెను. మన కచేరీల నెరిగినవారికి అందలి విషయము నూతనముగా తోచకపోవచ్చును.

ఉపాధి శబ్దము ఇంతకంటె విచిత్రము. స్ఫటికము ప్రక్కన మంకెనపూవు నుంచిన స్ఫటికము ఎర్రబారును. ఆ పూవు ఉపాధి యని వేదాంతులు. తనది కాని రంగును వస్తువున కంటించునది యన్నమాట. జీవనోపాధి యనునప్పుడు ఈ యర్థము మన తలపునకు రాదు గాని, ‘మీరేమి చేయుచుందురు?’ అను ప్రశ్నకు మనము చెప్పు సమాధానములో ఆ ఎరుపు స్పష్టముగా కనబడును. 2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా బండ్లపల్లిలో గ్రామీణ ఉపాధి హామీ పథకము ప్రారంభమైనది. 2005నాటి ఆ చట్టము ఏడాదికి కుటుంబమునకు 100 దినముల పనిని హక్కుగా చెప్పినది. ప్రభుత్వము దానికి ఉపాధి యని పేరిడగా, పల్లెజనులు కరువుపని యనిరి. చెరువు పూడిక తీయుట వారికి పనిగానే తెలియును. దాని రంగు తమ కంటునని వారనుకొనలేదు. హక్కు అను మాట మాత్రము ఈ రెండు పేర్లలోను లేకపోవుట చింతింపదగినది.

ఇటీవల వచ్చినది భాగస్వామి యను మాట. నగరములలో ద్విచక్రవాహనముపై అన్నపుపొట్లములు చేరవేయు యువకుని కంపెనీ డెలివరీ పార్ట్‌నర్ అనును. వాకిట నిలిచిన గృహస్థు డెలివరీ అబ్బాయి యనును. 2020నాటి సామాజిక భద్రతా స్మృతి ఇట్టివారిని సంప్రదాయిక యజమాని–ఉద్యోగి సంబంధమునకు వెలుపల సంపాదించువారిగా నిర్వచించినది. బ్రిటనులో ఉబర్ కారుల చోదకుల వ్యాజ్యమున 2021 ఫిబ్రవరిలో అచ్చటి సుప్రీంకోర్టు, ఒప్పందపత్రమున వ్రాసిన పేర్లను మాత్రమే పట్టుకొనక, ధరను నిర్ణయించుచున్న దెవరు, పనిని అదుపుచేయుచున్న దెవరు అని విచారించి వారిని శ్రామికులుగా నిర్ధారించినది. పాఠమును చదువుటలో మనకు పనికివచ్చు పద్ధతియే యిది. ఆ యువకుని కథ తెలుగున ఇంకను విరివిగా రాలేదు. వచ్చునప్పుడు ఆ కథకుడు అతనిని ఏమని పిలుచునో, అతని నోట తన పని కేమి పేరు పెట్టించునో చూడవలసియున్నది.