హత్య ఏ ఊళ్ళో జరిగింది?

మన క్రైమ్ నవలా రచయితల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఈ మాట అంటారు: "ఆయన గబగబా రాసేసేవారండీ." అందులో సగం మెచ్చుకోలు, సగం చప్పరింపు. అంత వేగంగా రాస్తే అది సాహిత్యం ఎలా అవుతుందన్నది దాని వెనకున్న అనుమానం. ఇప్పుడు కొత్తగా క్రైమ్ రాద్దామనుకునే కుర్రవాళ్ళకి కూడా ఈ అనుమానమే అడ్డం పడుతోంది. కొందరు వేగానికి భయపడి మొదటి అధ్యాయాన్ని మూడేళ్ళు చెక్కుతూ కూర్చుంటున్నారు. ఇంకొందరు వెబ్ సిరీస్ ఎపిసోడ్లని తలలో పెట్టుకుని పరిగెత్తిస్తున్నారు. నాకేమో అసలు తప్పు వేగంలో లేదనిపిస్తుంది.

కొమ్మూరి సాంబశివరావుని తీసుకుందాం. డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు. ఒక తరం తెలుగువాళ్ళకి ఈ పేర్లు ఇంట్లోవాళ్ళ పేర్లంత దగ్గర. ఆ నవలలు ఊరూరా అద్దె లైబ్రరీల్లో తిరిగాయి. అద్దె లైబ్రరీ లెక్క సింపుల్: పుస్తకం ఎన్ని రోజులుంచుకుంటే అంత అద్దె. కాబట్టి పాఠకుడు ఒక్క రాత్రిలో ముగించాలనుకుంటాడు. రచయిత కూడా ఒక్క రాత్రిలో ముగిసే పుస్తకమే రాయాలి. చిన్న వాక్యాలు, సంభాషణలతో నిండిన పేజీలు, అధ్యాయం చివర మోగే టెలిఫోను, తెలిసిన పాత్రలే మళ్ళీ మళ్ళీ రావడం, ఇవన్నీ ఆ లెక్కలోంచి పుట్టినవే. యుగంధర్ ఎలాంటివాడో ప్రతి పుస్తకంలో మొదట్నుంచీ చెప్పక్కర్లేదు. తలుపు తెరుచుకుని క్లయింటు లోపలికొస్తే చాలు, కథ మొదలైపోయినట్టే.

ఈ రాత అలవాటు మనకి చేసిన మేలు చిన్నదేం కాదు. వర్ణన కోసం వర్ణన చేసే తీరిక ఆ నవలలకి లేదు. ఎవరు వచ్చారు, ఏం అన్నారు, చేతిలో ఏముంది, ఎటు వెళ్ళారు. తెలుగు వచనం ఇంత పొడిగా, ఇంత పనిమంతురాలిగా ఉండగలదని మామూలు పాఠకుడికి చూపించినవాళ్ళలో కొమ్మూరి ముందుంటారు. పాఠ్యపుస్తకం దాటి చదవడం ఈ పుస్తకాలతోనే అలవాటైన ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. మన విమర్శ వీటిని లెక్కలోకి తీసుకోకపోవడం కొమ్మూరికి జరిగిన నష్టం కన్నా విమర్శకి జరిగిన నష్టమే ఎక్కువ.

ఇప్పుడు వేగం సంగతి. బెల్జియంలో పుట్టిన జార్జ్ సిమెనాన్ ఫ్రెంచిలో మేగ్రే అనే పోలీసు అధికారి మీద 70కి పైగా నవలలు రాశాడు. రోజుకో అధ్యాయం, దాదాపు పదకొండు రోజుల్లో నవల. మొదలుపెట్టే ముందు ఒక కవరు మీద పాత్రల పేర్లు, వయసులు, అడ్రసులు రాసుకునేవాడు. పేర్లకి టెలిఫోన్ డైరెక్టరీలు తిరగేసేవాడు. మధ్యలో రెండు రోజులు జబ్బుపడితే అప్పటిదాకా రాసింది పారేసి, ఇక ఆ నవల జోలికి పోయేవాడు కాదు. కుర్రవాడిగా ఉన్నప్పుడు కథలు పట్టుకెళ్తే, పత్రికలో సాహిత్యం పేజీలు చూసే కొలెట్ 'ఇందులో సాహిత్యం ఎక్కువైంది, తీసెయ్' అన్న అర్థంలో సలహా ఇచ్చింది. అతను జీవితాంతం ఆ సలహా పట్టుకున్నాడు. దిద్దడమంటే అతనికి అందం కోసం పెట్టిన మాటల్ని కొట్టెయ్యడమే.

అంటే మన కొమ్మూరి కన్నా తాపీగా రాసినవాడేం కాదు. అయినా మేగ్రే నవల చదివాక వాన, కాలువ ఒడ్డు, చిన్న హోటల్లో వంట వాసన మనసులో మిగిలిపోతాయి. హంతకుడి పేరు మర్చిపోయినా ఊరు గుర్తుంటుంది. యుగంధర్ నవల చదివాక? మద్రాసు అని తెలుస్తుంది, క్రిస్లర్ కారు వెళ్తూ ఉంటుంది. కానీ ఆ కారు ఏ వీధిలో వెళ్తోందో, ఆ వీధిలో ఎవరు బతుకుతున్నారో మనకి పట్టదు. తర్వాత మధుబాబు షాడో దేశాలు దాటి తిరిగాడు. తిరిగినకొద్దీ చోటు ఇంకా పల్చబడింది. యండమూరి 'అభిలాష'లో ఉరిశిక్ష గురించి ఒక ఆలోచనని కథగా నడిపించారు, మల్లాది 'చంటబ్బాయ్'లో డిటెక్టివ్ అనే వేషాన్నే ఆటపట్టించారు. రెండూ కొత్త దారులే. అయితే రెండింటినీ నడిపించింది ఊరు కాదు, ఐడియా.

"క్రైమ్ నవల కాలక్షేపం కదా, ఊరి వర్ణన ఎందుకు?" అని అడగొచ్చు. వర్ణన అక్కర్లేదు, నిజమే. ఊరు కావాల్సింది అందం కోసం కాదు, కారణం కోసం. మనిషి ఎందుకు చంపుతాడన్నదానికి జవాబు ఊరిలోనే ఉంటుంది. ఊరు లేనప్పుడు వీలునామా, వజ్రాలు, కవల సోదరుడు వస్తారు. ఎక్కడైనా అతికే కారణాలివి. కారణం ఎక్కడైనా అతికేదైతే పజిల్ కూడా లూజుగానే ఉంటుంది.

యుగంధర్‌ని ఒకసారి సూరారం తీసుకొద్దాం. మేడ్చల్ మల్కాజిగిరి జిల్లా, కుత్బుల్లాపూర్ మండలం, పక్కనే జీడిమెట్ల ఫ్యాక్టరీలు. ఇక్కడ లక్షాధికారి హత్య జరిగితే ఎవరూ ఆశ్చర్యపోరు, ఎందుకంటే ఇక్కడ రెండు వందల గజాల ప్లాటున్న ప్రతివాడూ లక్షాధికారే. ఇక్కడి అనుమానితుల లిస్టు పహాణీలో ఉంటుంది. ఒకే ప్లాటుకి ఇద్దరి పేరున రిజిస్ట్రేషన్లు, అసైన్డ్ భూమి, చెరువు ఎఫ్‌టీఎల్ హద్దు రాయి రాత్రికి రాత్రి జరగడం. 2020లో ధరణి వచ్చింది, 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది, మధ్యలో 2024లో హైడ్రా వచ్చింది. ఒక్కోటి వచ్చినప్పుడల్లా ఎవరో భయపడ్డారు, ఎవరో ఊపిరి పీల్చుకున్నారు. క్రైమ్ నవలకి ఇంతకన్నా ముడిసరుకు ఏం కావాలి? షిఫ్టు దిగి వచ్చే ఒడిశా కుర్రాడు, బిహార్ కుర్రాడు సాక్షులైతే వాళ్ళని ఏ భాషలో ప్రశ్నిస్తాడు యుగంధర్? ఆయన నవలల్లో క్లయింటూ హంతకుడూ నౌకరూ ఇంచుమించు ఒకే తెలుగు మాట్లాడతారు. సూరారంలో ఒక్క టీ కొట్టు దగ్గరే నాలుగు భాషలు వినిపిస్తాయి. అందులో తెలుగు తెలంగాణ తెలుగు.

కాబట్టి కొత్త రచయిత పాతవాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది ఒకటుంది, మార్చుకోవాల్సింది ఒకటుంది. నేర్చుకోవాల్సింది కూర్చునే క్రమశిక్షణ. మూడ్ కోసం ఆగకుండా రోజుకో అధ్యాయం రాయడం, పొడి వాక్యం, పాఠకుడి రాత్రి మీద గౌరవం. మల్లాది దగ్గర ఇంకోటి కూడా: అంత పాపులర్ అయ్యీ తన ఫొటో బయటికి రానివ్వకపోవడం. రచయిత కనపడకపోతే పుస్తకానికి మంచిదే. ఊరు కనపడకపోతేనే నష్టం.

మార్చుకోవాల్సింది రాతకి ముందుండే అలవాటు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బయట ఒక పూట కూర్చోవాలి. డాక్యుమెంట్ రైటర్ల మాటలు వినాలి. స్టేషన్లో ఫిర్యాదు ఎలా రాయిస్తారో చూడాలి. హత్య కేసుని ఇప్పటికీ 302 అని రాసేస్తున్నాం, 2024 జూలై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 103 అయింది. ఇది చిన్న విషయమే, కానీ ఎస్సై పాత్ర నోట పాత నంబరు వచ్చిందంటే అతను స్టేషన్లోంచి కాక సినిమాలోంచి వచ్చాడని పాఠకుడు పట్టేస్తాడు.

సిమెనాన్ కవరు మీద పాత్రల పేర్లు రాసుకునేవాడు. మన కవరు మీద వాటికంటే ముందు ఒక సర్వే నంబరు ఉండాలి. శవం ఎవరి భూమిలో పడి ఉందో తెలిశాక, ఎవరు చంపారో కనిపెట్టడానికి పదకొండు రోజులు చాలు.