పిలిచేదెవరు, పలికేదెవరు?

పుట్టుకను చెప్పే మాటకు నిఘంటువులో ఒక అర్థం, బజార్లో ఇంకో అర్థం. మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని కప్పెయ్యడం మన భాషలకు అలవాటు. ఇంట్లో ఉర్దూ మాట్లాడి, బయట తెలుగులో రాసే మేం రెండు భాషలనూ నిలదీయాల్సిందే.

'తురక'నే తీసుకుందాం. టర్కుల పేరు, 'తురుష్క' మీదుగా వచ్చింది, తిట్టేం కాదు అంటారు పండితులు. సరే. కానీ మాలో ఎందరి తాతలు తుర్కిస్తాన్ నుంచి గుర్రాలెక్కి వచ్చారు? ఈ ఊళ్లలోనే మగ్గం నేసి, బట్టలుతికి, పత్తి ఏకి, ఇక్కడే కల్మా చదివిన వాళ్ల పిల్లలం మాలో ఎందరం లేం! ఆ ఒక్క మాట మమ్మల్ని పుట్టిన మట్టిలోనే పరాయివాళ్లను చేస్తుంది.

'పింజారి' కథ ఇంకా చేదు. అది పత్తి ఏకేవాళ్ల పేరు. బీసీ-బి జాబితాలో దూదేకుల, లద్దాఫ్, నూర్‌బాష్‌ల పక్కన ఉన్న పేరు. తెలుగు సినిమా దానికి 'వెధవ'ను తోక తగిలించి నవ్వులు పండించుకుంది. ఆ డైలాగు రాసిన చేతికి ఆ పేరుతో బతుకుతున్న మనుషులు కనిపించలేదా?

ఇక ఉర్దూ. అదేం పాకీజా కాదు. 'హబష్' అంటే అరబ్బీలో అబిసీనియా. మసీదులో 'హజ్రత్ బిలాల్ హబ్షీ' అని అదబ్‌తో తలుస్తాం. గడప దాటగానే నల్లటి పిల్లాణ్ణి 'హబ్షీ' అని వెక్కిరిస్తాం. మాట ఒకటే, మర్యాద ఎటుపోయింది? 'సిద్దీ' అనే మాట 'సయ్యిదీ' నుంచి, అంటే 'నా దొర' నుంచి వచ్చిందంటారు. ఎందరో బానిసలుగా ఓడల్లో వచ్చిన జనానికి దొర పేరు! నిజాం కొలువులోని ఆఫ్రికన్ గుర్రపు దళం వల్లే హైదరాబాదులో ఏసీ గార్డ్స్‌కు ఆ పేరొచ్చింది. ఆ వారసులకు మాత్రం వెక్కిరింపే మిగిలింది.

జులాహాలు అన్సారీలయ్యారు, కసాయిలు ఖురేషీలయ్యారు. తమ పేరు తామే పెట్టుకున్నారు, వాళ్ల హక్కు. అయితే ఆ గౌరవానికి మదీనా, మక్కా చిరునామాలు ఎందుకు కావాల్సి వచ్చాయి? పెళ్లి సంబంధాల దగ్గర హసబ్-నసబ్ అడిగే అష్రాఫ్ దర్జా వల్ల కాదా? తెలుగు మమ్మల్ని బయటికి నెడితే, ఉర్దూలో మేమే బయటికి ఎక్కి కూచున్నాం.

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన ముస్లిం రిజర్వేషన్ చట్టంలో 'తురక చాకలి', 'సిద్దీ', 'హబ్షీ' పేర్లన్నీ ఉన్నాయి. అక్కడవి అవమానం కాదు, హక్కుకు ఆధారం. అమెరికా జనగణన 2010 దాకా ఫారంలో 'నీగ్రో'ను ఉంచి, 2013లో తీసేస్తామని ప్రకటించింది. నిన్న కొందరు తమకు తాము చెప్పుకున్న పేరే నేడు గుచ్చుకోవచ్చు. రేస్, కులం, నేషన్ అన్నిటినీ ఒక్క 'జాతి'లో కుక్కే తెలుగుకు ఈ తేడాలు పట్టడం కష్టమే. కష్టమని ఊరుకుంటామా?

మాట పుట్టుక చూసి మర్యాద తేల్చలేం. ఎవరి పేరో వాళ్లనే అడగాలి. 'తురక' అనొద్దని తెలుగు సమాజాన్ని అడిగే నోటితో 'హబ్షీ' అని నవ్వే హక్కు మాకు లేదు. ముందు మా ఇంట్లో ఆ నవ్వు ఆగాలి. అప్పుడే బయట మా మాటకు బలం.