డీబగ్గరు – తెలుగక్షరము: ఒక విమర్శ

విద్యార్థి వ్యాసమున తప్పు దొర్లినచో ఉపాధ్యాయుడు ఎఱ్ఱసిరాతో గీత గీసి చూపును. కంప్యూటరు ప్రోగ్రామున తప్పు దొర్లినచో దాని స్థానమును కనుగొనుటకు తోడ్పడునది డీబగ్గరు. నడుచుచున్న ప్రోగ్రామును కోరిన పంక్తికడ నిలుపుట, ఒక్కొక్క పంక్తిగా ముందునకు నడుపుట, ఆ క్షణమున ఏ పేరున ఏ విలువ యున్నదో చూపుట దాని ముఖ్యధర్మములు. 1986లో రిచర్డ్ స్టాల్‌మన్ రచించిన జీడీబీ ఇట్టి సాధనములలో మిక్కిలి ప్రసిద్ధము. దాని శక్తి నిర్వివాదము. కాని అది చూపు విలువ మనకు బోధపడుచున్నదా? ఇదియే యీ వ్యాసమున విచార్యము.

హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల మన పిల్లలు ఇంట తెలుగును, వీథిలో తమిళ కన్నడములను, ప్రోగ్రాములందు ఆంగ్లమును వాడుదురు. అట్టి విద్యార్థి తన జిల్లా పేరులో నెన్ని యక్షరములున్నవో చెప్పుమని పైథాను భాష నడిగినాడనుకొందము. ఛందస్సు నేర్చినవారికి కృ, ష్ణ, గి, రి – 4 అక్షరములే. యంత్రము 9 అనును. యూనికోడునందు వట్రసుడి, పొల్లు, గుడి వేర్వేరు సంకేతములగుటయే దీనికి కారణము. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క సంకేతమునకు మూడేసి బైట్లు, మొత్తము 27. ప్రోగ్రామున తప్పు లేదు; అక్షరమను మాటకు మన యర్థము వేఱు, యంత్రపు టర్థము వేఱు. ఈ మర్మమును విప్పిచూపవలసినది డీబగ్గరే. అయితే యంత్రపు అమరికలో యూటీఎఫ్-8 లేనియెడల జీడీబీ కకారమును 340, 260, 225 అను మూడు అష్టమాన సంఖ్యలుగా చూపును. అది తెలుగని కన్నతల్లియైనను పోల్చుకొనజాలదు.

ఇక రెండవది. పొల్లును తరువాతి హల్లుతో కలియనీయక నిలుపుటకు జీరో విడ్త్ నాన్ జాయినర్ అను అదృశ్యచిహ్నము గలదు. ‘హోసూర్‌లో’ అని వ్రాయునపుడు దాని యవసరము స్పష్టము. ‘హోసూర్’ అను పదము చివర నిది చేరినచో కంటికి భేదము కనబడదు. యంత్రమునకు మాత్రమవి రెండు పదములు. పట్టికలో నున్న పేరే వెదకినను దొరకదు. పైథాను డీబగ్గరగు పీడీబీ ఇచ్చట మెచ్చదగినది: విలువను చూపు ఆజ్ఞ నిచ్చినపుడు ఈ చిహ్నమును దాచక సంఖ్యారూపమున బయలుపెట్టును. కాని ఆ సంఖ్య యేమియో వివరింపదు.

ఇది స్వల్పవిషయమని త్రోసివేయరాదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞ’కు పిమ్మట ఈ చిహ్నమును, ఆపై దీర్ఘమును చేర్చిన యొక కూర్పు ఐఓఎస్ 11.2.5 గల ఆపిల్ ఫోనులలో యాప్‌లను కుప్పకూల్చినది. ఆ నెల 19న 11.2.6 వెలువడి దానిని సరిదిద్దినది. పలువురు దానిని తెలుగక్షరపు దోషమనిరి. దోషము అక్షరమున లేదు. అక్షరమును తెరపై కూర్చు ప్రోగ్రామున నుండెను.

కావున డీబగ్గరునకు మూడు సంస్కారములు వలయును. ఒకటి: కోరినవారికి కోరినట్లు అక్షరములను, సంకేతములను, బైట్లను ఒకదానిప్రక్క నొకటి చూపవలెను. 2023 నాటి యూనికోడ్ 15.1 సంయుక్తాక్షరమును విడదీయరాదను నియమమును తెలుగునకును వర్తింపజేసినది. దాని ననుసరించినచో కృష్ణగిరి నాలుగక్షరములుగనే యగపడును. రెండు: అదృశ్యచిహ్నమునకు కంటికగపడు గుర్తును, పేరును ఉండవలెను. మూడు: దోషసందేశము కారణమును సులభమైన మాటలలో తెలుపవలెను.

నిపుణుల సాధనమున కింత సౌలభ్యమేల యని కొందఱందురు. నిపుణుడును ఒకనాడు విద్యార్థియే. జీడీబీ మూలము అందఱికిని తెరచియున్నది. హోసూరునుండి బెంగుళూరు కార్యాలయములకు నిత్యము పోయివచ్చు మన యువకులు ఈ పనికి పూనుకొందురుగాక.